చిన్నపిల్లలున్న ఇంటికి ఏ కుక్క? జాతి పేరొక్కటే చూస్తే జరిగే పొరపాటు

క్లుప్తంగా: పిల్లలున్న ఇంటికి కుక్కను తెచ్చుకోవాలనుకున్నప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న ఏ జాతి మంచిదని. జాతిని బట్టి తెలిసేది కొంతే. ఆ ఒక్క కుక్క ఎలా పెరిగింది, బెదిరితే ఎంతసేపట్లో తేరుకుంటుంది, తిండి దగ్గర ఎలా ఉంటుంది, ఒంట్లో నొప్పి ఏమైనా ఉందా, ఇంట్లో పిల్లలనూ కుక్కనూ వేరుగా ఉంచే వీలుందా అన్నవే ప్రమాదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఏం చేసినా ఊరుకునే కుక్క కోసం కాకుండా, ఇబ్బందైతే లేచి పక్కకు వెళ్లిపోయే కుక్క కోసం వెతకాలి.

కాటు ఎక్కడ పడుతుంది, ఎందుకు పడుతుంది

కుక్కకాటు అనగానే వీధిలో వెంటపడే కుక్క కళ్లముందు మెదులుతుంది. ఐదారేళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం, పెంపుడు కుక్కలు ఎక్కువగా ఉన్న అనేక దేశాల ఆసుపత్రుల వివరాలు మరో సంగతి చెబుతున్నాయి. కరిచింది చాలావరకు ఆ బిడ్డకు తెలిసిన కుక్కే. అదీ సొంత ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో. పెద్దవాళ్లకు గాయాలు ఎక్కువగా చేతులకూ కాళ్లకూ అయితే, చిన్నపిల్లలకు ముఖానికీ తలకూ మెడకూ అవుతాయి. కారణం ఎత్తు. రెండేళ్ల బిడ్డ నిలబడితే సుమారు 85 సెంటీమీటర్లు ఉంటుంది. భుజం దగ్గర 55-60 సెంటీమీటర్లుండే లాబ్రడార్ తలెత్తితే దాని నోరూ ఆ బిడ్డ ముఖమూ దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. పాకే బిడ్డయితే ఎంత చిన్న కుక్కకైనా అందుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్య నిపుణులు పిల్లలను కరిచిన 103 కుక్కల వివరాలను పరిశీలించి 2007లో ప్రచురించారు. తెలిసిన పిల్లలను కరిచిన సందర్భాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం తిండి లాంటి తనవైన వాటిని కాపాడుకోవడం. కొత్త పిల్లల విషయంలో తన ఇల్లు, తన ఆవరణ కాపాడుకోవడం. ఆ కుక్కల్లో మూడింట రెండు వంతులు అంతకుముందు ఏ బిడ్డనూ కరిచినవి కావు. చాలావాటిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి, దాదాపు సగం కుక్కలకు ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉంది. "ఇది ఇప్పటిదాకా ఏ పిల్లలనూ కరవలేదండీ" అన్న హామీని ఎంతవరకు నమ్మవచ్చో ఈ ఒక్క పరిశీలన చాలు చెప్పడానికి.

కుక్క వైపు నుంచి చూస్తే నడక నేర్చుకుంటున్న బిడ్డ వింత ప్రాణి. తూలుతూ నడుస్తుంది, ఉన్నట్టుండి కీచుమంటుంది, కళ్లలోకి సూటిగా చూస్తూ ఎదురుగా వస్తుంది, పిడికిట్లోకి వెంట్రుకలు దొరికితే వదలదు. కుక్కల మధ్య మర్యాద దీనికి పూర్తిగా భిన్నం. పరిచయం కోరే కుక్క నేరుగా రాదు, వంపు తిరిగి పక్కనుంచి వస్తుంది, చూపు తప్పిస్తుంది. కౌగిలింత మనుషులకు ప్రేమ. మెడ చుట్టూ చేతులు బిగిస్తే కుక్కకు మాత్రం తప్పించుకునే దారి మూసుకుపోయినట్టు. పెంచిన మనుషులు చేస్తే చాలా కుక్కలు ఓర్చుకుంటాయి, కానీ ఓర్చుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. ఈ తేడా పెద్దవాళ్లకే సరిగా కనిపించదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో చాలామంది పళ్లు ఇకిలించిన కుక్క ఫొటో చూసి అది నవ్వుతోందనుకుంటారని మానసిక శాస్త్ర పరిశోధనల్లో తేలింది. అంటే కుక్క దూరంగా ఉండమని చెప్పే క్షణంలోనే బిడ్డ దగ్గరకు వెళ్లే అవకాశం ఉంది.

జాతి ఎంతవరకు చెబుతుంది

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 18,000కు పైగా కుక్కల ప్రవర్తనపై యజమానుల సమాధానాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యు వివరాలతో కలిపి చూసింది. ఒక కుక్కకూ మరో కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. మనిషి మాటకు స్పందించే గుణంలో జాతి ప్రభావం కొంత ఎక్కువ. భయపెట్టేది, చికాకు పెట్టేది ఎదురైతే ఎంత తొందరగా రెచ్చిపోతుందన్న విషయంలో జాతి ప్రభావం దాదాపు కనిపించలేదు. పిల్లలున్న ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైన గుణం ఈ రెండోదే.

అలాగని జాతిని పూర్తిగా పక్కన పెట్టలేం. తరతరాలుగా ఏ పనికోసం పెంచారో ఆ పని తాలూకు అలవాటు ఒంట్లో ఉంటుంది. బోర్డర్ కోలీ లాంటి మందకాపరి కుక్కలు పరిగెత్తేవాటిని చుట్టుముట్టి ఆపుతాయి. పిల్లలు పరుగులు తీస్తుంటే మడమలను పళ్లతో పట్టడం ఈ కుక్కల్లో తరచుగా కనిపించే ఫిర్యాదు. అది కోపం కాదు, పని. కానీ మూడేళ్ల బిడ్డ కింద పడటానికి అది చాలు. ఎలుకల్లాంటి చిన్న జంతువుల వేటకోసం పెంచిన టెరియర్లు చిన్నగా, వేగంగా కదిలే వాటి వెంటపడతాయి. కాకేసియన్ షెపర్డ్ లాంటి కాపలా జాతులు సొంత పిల్లలతో ఎంత బాగున్నా, ఆడుకోవడానికి వచ్చిన పొరుగు పిల్లలను చొరబాటుదారులుగా చూడవచ్చు. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల స్నేహితులూ వస్తారు కాబట్టి ఇది ఆలోచించాల్సిన సంగతే.

కుటుంబ కుక్క అని పేరుపడిన లాబ్రడార్ విషయంలోనూ ఒక మాట చెప్పుకోవాలి. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు వాటిలో పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించిందని 2016లో గుర్తించారు. ఆ కుక్కలకు తిండి ధ్యాస ఎక్కువ. బిస్కెట్ చేత్తో పట్టుకుని తిరిగే బిడ్డ చుట్టూ అవి తచ్చాడతాయి, చేతిలోది లాక్కోబోయి వేళ్లు గీకుతాయి. కరవాలన్న ఉద్దేశం లేకుండానే గాయం అవుతుంది. తగిన జాగ్రత్త చాలా చిన్నది. పిల్లలు తినేటప్పుడు కుక్క గేటు అవతల ఉండాలి. పేరు మీద నమ్మకంతో ఆ చిన్న జాగ్రత్తే వదిలేస్తారు.

జాతిని బట్టి నిషేధాలు పెట్టిన దేశాల అనుభవమూ ఒకేలా లేదు. బ్రిటన్ 1991 చట్టంతో కొన్ని రకాలను నిషేధించి, 2024 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ రకాన్ని కూడా ఆ జాబితా కిందికి తెచ్చింది. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్ తరహా కుక్కలపై పెట్టిన నిషేధాన్ని కాట్లు తగ్గలేదన్న కారణంతో 2008లో ఎత్తేసింది. బరువైన, దవడ బలం ఉన్న కుక్క కరిస్తే గాయం తీవ్రంగా ఉంటుందన్నది నిజం. కానీ గాయం ఎంత పెద్దదన్నది ఒక ప్రశ్న, అసలు కరుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ కలిపేస్తేనే గందరగోళం. జాతి మొదటిదానికి కొంత జవాబు చెబుతుంది, రెండోదానికి చెప్పేది చాలా తక్కువ.

పరిమాణం

చిన్న కుక్క చిన్నపిల్లలకు సరిజోడన్న అభిప్రాయం తరచుగా తప్పవుతుంది. మూడు కిలోలలోపు ఉండే చివావాను నాలుగేళ్ల బిడ్డ ఎత్తుకుని జారవిడిస్తే ముందుకాలి ఎముక విరగొచ్చు. అలా ఒకటి రెండుసార్లు దెబ్బ తిన్న కుక్క చేయి చాచగానే పళ్లు చూపడం నేర్చుకుంటుంది. మరోవైపు 35 కిలోల కుక్క సంతోషంతో తిరిగినా 12 కిలోల బిడ్డ గోడకు తగులుతుంది. 10 నుంచి 25 కిలోల మధ్య, గట్టి ఒడ్డూ పొడుగూ ఉండి, బిడ్డ తన మీద వాలినా నలిగిపోని కుక్కతో ఈ రెండు చిక్కులూ తక్కువ. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముట్టె కుక్కలు ఈ బరువులోనో, దీనికి దగ్గరగానో దొరికినా, వాటికి ఊపిరి తీసుకోవడంలో ఇబ్బందులు ఎక్కువ; ముడతల ముఖం వల్ల అసౌకర్యాన్ని సూచించే చిన్న చిన్న కదలికలు కనిపెట్టడమూ కష్టం.

కుక్కపిల్లా, ఎదిగిన కుక్కా

కుక్కపిల్ల, బిడ్డ కలిసి పెరగాలన్న కోరిక సహజం. ఆచరణలో మొదటి ఏడాది ఇదే ఎక్కువ కష్టం. కుక్కపిల్లకు 28 పాలపళ్లుంటాయి, అవి సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల నుంచి రాలి, ఆరేడు నెలలకు 42 గట్టి పళ్లు వచ్చేదాకా దొరికిందల్లా కొరుకుతుంది. తోటి కుక్కపిల్లలతో ఆడుతూ గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుందని తెలుసుకోవడం వల్లే కుక్కకు పంటి పట్టు అదుపులోకి వస్తుంది. అందుకే ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి వేరు చేసిన పిల్లను తీసుకోకూడదు. ఎనిమిది వారాల పిల్లను మెలకువగా ఉన్నప్పుడు గంటకో రెండు గంటలకో బయటికి తీసుకెళ్లాలి. రోజులో 18 గంటల దాకా నిద్ర కావాలి. ఆ నిద్ర చెడితే అలిసిన బిడ్డలాగే పేచీ పెడుతుంది, ఇంకా ఎక్కువ కొరుకుతుంది. రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంట్లో ఇవన్నీ ఒకే మనిషి మీద పడతాయి.

కుక్కపిల్లకు ఒక పెద్ద అనుకూలత ఉంది. మూడో వారం నుంచి 12-14 వారాల వరకు కుక్క మెదడు కొత్తవాటిని మామూలుగా తీసుకునే దశలో ఉంటుంది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల సుదీర్ఘ ప్రయోగాలు 1965 నాటికే ఈ సంగతిని స్థిరపరిచాయి. ఆ వారాల్లో పిల్లల గొంతు, నడక, బొమ్మల చప్పుడు ఇబ్బంది లేకుండా పరిచయమైన కుక్కకు తర్వాత అవి భయం పుట్టించవు. కానీ ఈ గడువులో దాదాపు సగం పిల్ల ఇంకా పెంపకందారు దగ్గరే గడుపుతుంది. కొట్టంలోనో, పంజరంలోనో మనుషుల అలికిడి లేకుండా ఎనిమిది వారాలు పెరిగితే, కొన్న ఇల్లు ఎంత మంచిదైనా పోయిన కాలం తిరిగి రాదు. పిల్ల ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో స్వయంగా చూడకుండా కొనడం అందుకే పెద్ద పొరపాటు.

రెండు నుంచి ఐదేళ్ల మధ్య వయసుండి, ఇంతకుముందు చిన్నపిల్లలున్న ఇంట్లో ఉన్న కుక్క అయితే దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది. ఊహ అక్కరలేదు, చూస్తే చాలు. ఏడువారాల కుక్కపిల్లలకు పెట్టే స్వభావ పరీక్షలు పెద్దయ్యాక ఎలా ఉంటుందో నమ్మకంగా చెప్పలేవు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య కుక్క పూర్తిగా ఎదిగేటప్పుడు ఆ గుణాలు మారతాయి. బిడ్డకు ఐదేళ్లలోపు వయసుంటే ఎదిగిన కుక్కనే ముందుగా పరిశీలించడం తెలివైన పని. పుట్టబోయే బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఇల్లయితే కాన్పుకు ముందు నెలల్లో కొత్త కుక్కను తేకపోవడమే మంచిది.

చూడటానికి వెళ్లినప్పుడు

కనీసం రెండుసార్లు వెళ్లాలి, మొదటిసారి పిల్లలు లేకుండా. కుక్కపిల్ల అయితే తల్లిని చూడాలి. తల్లి కొత్తవాళ్లను చూసి వణుకుతున్నా, మూలకు నక్కినా, అదేపనిగా గుర్రుమన్నా ఆ కాన్పు పిల్లలు వద్దు. బెదురు కొంత నెత్తురులో వస్తుంది, కొంత తల్లిని చూసి కుక్కపిల్లలు నేర్చుకుంటాయి. తల్లిని చూపించడానికి సాకులు చెబుతుంటే అక్కడితో ఆపేయాలి.

ఎదిగిన కుక్క దగ్గర మొదట పక్కకు తిరిగి నేలమీద కూర్చుని రెండు నిమిషాలు ఏమీ చేయకుండా ఉండాలి. తనంతట తాను వస్తే చాలా సంగతులు తెలిసిపోతాయి. వచ్చాక ఛాతీమీదో భుజంమీదో మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయాలి. ఇంకా దగ్గరికి జరిగితే ఇష్టం. అక్కడే నిలబడి ముట్టె నాక్కుంటే, తల తిప్పుకుంటే, ఒళ్లు దులుపుకుని వెళ్లిపోతే అంత ఇష్టం లేదు. వెళ్లిపోవడం చెడ్డ గుర్తు కాదు, నిజానికి మంచి గుర్తు. ఇబ్బందిగా ఉన్నా కదలకుండా బిగుసుకుపోయే కుక్కే ప్రమాదం.

తర్వాత చెవి, పంజా, తోక మొదలు తేలికగా తాకి చూడాలి. వెనక్కి తిరిగి చూడటం మామూలే, ఒళ్లు మెత్తగా ఉందా, కర్రలా అయిందా అన్నది గమనించాలి. ఒక తాళాల గుత్తిని మూడు మీటర్ల దూరంలో నేలమీద పడేయాలి. ఉలిక్కిపడని కుక్క ఉండదు. కొన్ని సెకన్లలో తేరుకుని వచ్చి వాసన చూసే కుక్క పిల్లలున్న ఇంటి గోలకు తట్టుకుంటుంది. నిమిషం దాటినా మంచం కిందనుంచి రాకపోతే, అది మంచి కుక్కే కావచ్చు, ప్రశాంతమైన ఇంటికి. ఎంత ఉలిక్కిపడింది అన్నదానికంటే ఎంతసేపట్లో తేరుకుంది అన్నదే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే చిన్నపిల్లల ఇంట్లో ఉలికిపాట్లు రోజుకు ఇరవై ఉంటాయి. ఒకదాన్నుంచి తేరుకోకముందే ఇంకోటి వస్తే చికాకు పేరుకుపోతుంది. ఉదయం తలుపు గట్టిగా పడటం, మధ్యాహ్నం తోక మీద కాలు పడటం, సాయంత్రం నిద్రలో బొమ్మ తగలడం, వీటిలో ఏ ఒక్కటీ కాటుకు దారితీయకపోవచ్చు. మూడూ కలిసిన రోజు నాలుగోది చాలు. "ఉన్నట్టుండి కరిచింది" అనిపించే సందర్భాల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే.

తిండి దగ్గర పరీక్షకు గిన్నెలో చేయి పెట్టకూడదు. తింటుండగా రెండు మీటర్ల దూరంలో నడుస్తూ గిన్నె వైపు మరింత రుచికరమైన ముక్క విసరాలి. తలెత్తి చూసి తోక ఊపితే నిశ్చింత. గబగబా మింగడం మొదలెట్టినా, గిన్నెపైకి తల వంచి కదలకుండా ఆగిపోయినా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూసినా అది కాపాడుకుంటోందన్నమాట. ఒక ఇబ్బంది ఉంది. ఆశ్రయ కేంద్రాల్లో చేసే తిండి పరీక్షలు ఇంటికొచ్చాక ప్రవర్తనను నమ్మకంగా చెప్పలేకపోతున్నాయి. అక్కడ కాపాడుకున్న కుక్క ఇంట్లో చేయకపోవచ్చు, అక్కడ ఊరుకున్నది ఇంట్లో మొదలుపెట్టవచ్చు. కాబట్టి పరీక్ష నెగ్గినా ఇంట్లో తిండి ఏర్పాటు వేరుగానే ఉండాలి.

రెండోసారి పిల్లలతో వెళ్లినప్పుడు కుక్కకు తాడు ఉండాలి, బిడ్డ నాలుగైదు మీటర్ల దూరంలో కూర్చోవాలి. నడుము, వెనక భాగం అంతా ఊగేలా తోక ఆడిస్తూ, నోరు కొంచెం తెరిచి, వంపు తిరిగి వస్తే బాగుంది. నోరు మూసుకుని, కదలకుండా, కన్నార్పకుండా బిడ్డను చూస్తుంటే ఆ కుక్క ఆ ఇంటికి తగదు. తోక ఊపుతోంది కదా అని సరిపెట్టుకోకూడదు. తోకను నిటారుగా ఎత్తి చిన్నగా, బిర్రుగా ఊపడం ఉద్రేకానికి గుర్తు, స్నేహానికి కాదు.

ముందు యజమానిని "కరుస్తుందా?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "చివరిసారి ఎప్పుడు గుర్రుమంది, అప్పుడేం జరుగుతోంది?" అని అడగాలి. "గోళ్లు తీసేటప్పుడు ఏం చేస్తుంది?", "ఎముక నోట్లో ఉన్నప్పుడు ఎవరైనా దగ్గరికెళ్తే?", "నిద్రలో తట్టి లేపితే?" ఈ నాలుగు ప్రశ్నలకూ "ఏమీ చేయదు, ఎప్పుడూ గుర్రుమనలేదు" అని జవాబొస్తే రెండే అర్థాలు: ఎవరూ గమనించలేదు, లేదా గుర్రుమంటే కొట్టి మాన్పించారు.

గుర్రుమనడం ఎందుకు మంచిది

మొరిగే కుక్క కరవదని సామెత. పిల్లల భద్రత విషయంలో ఈ సామెతను నమ్ముకోలేం. కుక్క కాటు దాకా రావడానికి మెట్లున్నాయి. పశువైద్య నిపుణురాలు కెండల్ షెపర్డ్ వీటిని నిచ్చెనగా వర్ణించారు. అడుగున ఆవులించడం, కళ్లార్పడం, ముట్టె నాక్కోవడం. తర్వాత తల తిప్పుకోవడం, ఒళ్లు తిప్పుకోవడం, లేచి వెళ్లిపోవడం. ఇంకా పైకి వస్తే చెవులు వెనక్కి పెట్టి కుంగిపోవడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం. ఆ పైన బిగుసుకుని గుచ్చి చూడటం, గుర్రుమనడం, గాలిలో నోరు విసరడం, చివరి మెట్టు కాటు. కుక్క ఎప్పుడూ ఒక్కో మెట్టూ ఎక్కుతుందనేం లేదు. కింది మెట్ల మీద చెప్పినా ఎవరూ వినలేదని తెలిసిన కుక్క వాటిని వదిలేస్తుంది.

గుర్రుమన్నందుకు కొడితే జరిగేదీ అదే. బిడ్డ దగ్గరికి వస్తే భయం, గుర్రుమంటే దెబ్బ. భయం అలాగే ఉంటుంది, పైగా బిడ్డ వస్తే దెబ్బలు పడతాయన్న అనుభవం తోడవుతుంది. పోయేది హెచ్చరిక మాత్రమే. పెన్సిల్వేనియా నుంచే 2009లో వెలువడిన ఒక సర్వేలో, కుక్కను కొట్టడం లేదా తన్నడం, వెల్లకిలా పడేసి అదిమిపట్టడం లాంటి పద్ధతులు వాడిన యజమానుల్లో చాలామందికి కుక్క నుంచి ఎదురుదాడి ఎదురైంది. కొట్టడం, తన్నడం విషయంలో 43 శాతం మందికి. తిండి ఆశ చూపి నేర్పే పద్ధతుల్లో అలాంటిది చాలా అరుదు.

గుర్రుమన్నప్పుడు చేయాల్సింది ఇది. బిడ్డను నిదానంగా తీసుకుని పక్కకు రావాలి, కుక్కను తిట్టకూడదు, ఏం జరిగిందో రాసుకోవాలి: ఎక్కడ, ఏ సమయంలో, కుక్క నోట్లో లేదా కింద ఏముంది, బిడ్డ ఏం చేస్తోంది. మళ్లీ ఆ కలయిక జరగకుండా ఏర్పాటు మార్చాలి. తర్వాత మొదటగా వెళ్లాల్సింది శిక్షకుడి దగ్గరికి కాదు, పశువైద్యుడి దగ్గరికి.

ఒంటి నొప్పి, రోగాలు

నొప్పిని కుక్కలు దాస్తాయి. తుంటి కీలు సరిగా అమరకపోవడం, చెవిలో చీము, పుచ్చిన పన్ను, చర్మం మీద పుండు ఉన్న చోట బిడ్డ చేయి పడితే ఎంత సాధువైన కుక్కయినా నోరు విసరవచ్చు. కుక్కను ఇంటికి తెచ్చే ముందే చెవులు, పళ్లు, కీళ్లు, చర్మం పరీక్ష చేయించడం అందుకే. ఎనిమిదేళ్లు దాటిన కుక్కల్లో వినికిడి, చూపు తగ్గడం వల్ల నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడటం ఎక్కువ.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, 16 వారాలు వచ్చేదాకా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి సాగుతాయి. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాల తర్వాత, ఏడాదికి మళ్లీ. పిల్లలున్న ఇంట్లో నులిపురుగుల సంగతి ఇంకా ముఖ్యం. టాక్సోకారా అనే గుండ్రటి పురుగు తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లలకు సోకుతుంది. రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకొకసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకొకసారి మందు వేయాలి. తాజా మలంలోని గుడ్లు వెంటనే సోకవు, మట్టిలో కొన్ని వారాలు పరిపక్వం కావాలి. కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేస్తే సగం ప్రమాదం పోయినట్టే. మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లల్లో ఈ పురుగు పిల్లలు కాలేయానికి, ఊపిరితిత్తులకు, కంటికి చేరతాయి. కంటికి చేరితే చూపు దెబ్బతినవచ్చు.

ఇంట్లో ఏర్పాట్లు

కుక్క రాకముందే రెండు గేట్లు బిగించాలి. ఒకటి కుక్క పడక ఉన్న చోటికి, ఇంకోటి పిల్లలు ఆడుకునే చోటికి. పిల్లల గేటు ఎత్తు కనీసం 75 సెంటీమీటర్లు ఉంటే మధ్యస్థ కుక్కల్లో చాలావాటికి సరిపోతుంది. దూకే అలవాటున్న కుక్కకు ఇంకా ఎత్తు కావాలి. కుక్క పడక చోటికి బిడ్డ ఎప్పుడూ వెళ్లకూడదు. ఈ ఒక్క నియమం కచ్చితంగా అమలైతే, కుక్కకు తప్పించుకునే చోటు ఎప్పుడూ ఉంటుంది.

కళ్లముందే ఉన్నారు కదా అన్న భరోసా చాలదు. ఫోన్ చూస్తూ అదే గదిలో ఉండటం పర్యవేక్షణ కాదు. నోరు విసరడానికి సెకను కూడా పట్టదు, మనిషి చేయి చాచేలోపు అయిపోతుంది. బిడ్డకూ కుక్కకూ మధ్య చేయి పెట్టగలిగే దూరంలో, ఇద్దరినీ చూస్తూ ఉన్నప్పుడే కలిసి వదలాలి. వంటలో ఉన్నా, స్నానానికి వెళ్లినా, నిద్ర ముంచుకొచ్చినా గేటు వేయాలి. ఐదారేళ్లలోపు పిల్లలకు ఎంత చెప్పినా నియమం గుర్తుండేది తక్కువ, చెప్పడం మానకూడదు గానీ ఆ చెప్పినదాని మీద ఆధారపడకూడదు.

తిండి గేటు అవతల. నమిలే ఎముక, బొమ్మ కూడా అక్కడే. నోట్లో ఉన్నది లాక్కోకూడదు, ఇంకా మంచిదాన్ని కొంచెం దూరంలో వేసి మార్పిడి చేయాలి. ప్రతిసారీ లాక్కుంటే ఇంతకుముందు కాపాడుకోని కుక్క కూడా కాపాడుకోవడం నేర్చుకుంటుంది. మంచం, సోఫా ఎక్కనిచ్చే అలవాటుంటే బిడ్డ లేనప్పుడే. కుక్క వచ్చిన మొదటి రెండు వారాలు బంధువుల పిల్లలను పిలవకపోవడం మంచిది, కొత్త చోటికి అలవాటు పడటానికి చాలా కుక్కలకు వారాలు, నెలలు కూడా పడతాయి.

ఎప్పుడు వెనక్కి ఇచ్చేయాలి, కరిస్తే ఏం చేయాలి

బిడ్డను కన్నార్పకుండా వెంటాడి చూడటం, తిండి లేకపోయినా బిడ్డ గదిలోకి రాగానే బిగుసుకోవడం, పంటి గాటు చర్మంలోకి దిగడం, ఈ మూడిట్లో ఏదైనా జరిగితే ఆ ఇంట్లో ఆ కుక్కను కొనసాగించడం సరికాదు. శిక్షణతో మారుస్తామన్న ఆశకు బిడ్డను పణంగా పెట్టలేం. పిల్లలు లేని ఇంట్లో అదే కుక్క పదేళ్లు హాయిగా బతకవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు జరిగినదంతా దాచకుండా రాసి ఇవ్వాలి, లేకపోతే ఇంకో ఇంట్లోని బిడ్డకు అదే జరుగుతుంది.

కాటు పడితే ఎంత చిన్నదైనా వెంటనే ధారగా నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గాయంపై మంట పుట్టించే పదార్థాలేవీ రాయకూడదు, గుడ్డతో బిగించి కట్టకూడదు. రక్తం ధారగా కారుతుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టాలి. కుక్కకు టీకాలు వేసి ఉన్నా బిడ్డను డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే కుక్క నోటిలోని బ్యాక్టీరియా లోతైన గాట్లలో ఒకటి రెండు రోజుల్లోనే చీము పట్టిస్తుంది. రేబిస్ ఉన్న ప్రాంతాల్లో చర్మం చీరిన కాటుకు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా ఇవ్వాల్సి రావచ్చు. ముఖం, మెడ, చేతివేళ్ల మీద కాటు అయితే అస్సలు ఆలస్యం చేయకూడదు. కుక్కను చంపకుండా, వదిలేయకుండా 10 రోజులు గమనిస్తూ ఉంచితే డాక్టరుకు చికిత్స నిర్ణయించడం సులువవుతుంది. కుక్క టీకా కార్డు, చివరి టీకా తేదీ ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి.